ఆవులిస్తే లేచిన చెయ్యి

మధ్యాహ్నం అన్నం తిని నాన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పక్షవాతం వచ్చి అప్పటికి 18 రోజులు. కుడి చెయ్యి మనం ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. ఒళ్లో పెడితే ఒళ్లో, పక్కన పెడితే పక్కన. "చెయ్యి లేపు నాన్నా" అంటే కళ్లు మూసుకుని, పళ్లు బిగపట్టి ప్రయత్నించేవాడు. భుజం కొద్దిగా కదిలేది, అంతే.

ఆ మధ్యాహ్నం నాన్నకి పెద్ద ఆవులింత వచ్చింది. నోరు తెరుచుకుంటుండగా ఆ కుడి చెయ్యి దానంతట అదే మోచేతి దగ్గర మడుచుకుని పైకి లేచింది. దాదాపు ఛాతీ దాకా వచ్చింది. ఆవులింత అయిపోగానే మళ్లీ ఒళ్లో పడిపోయింది.

"అమ్మడూ! మీ నాన్న చెయ్యి లేచిందే!" అని అమ్మ వంటింట్లో ఉన్న నాకు వినపడేలా కేక పెట్టింది. వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టింది. అరగంటలో పక్కింటివాళ్లు, పిన్ని, బాబాయ్ అందరూ వచ్చారు. "ఏదీ, ఇంకోసారి లేపు బావా" అన్నాడు ఒకాయన. నాన్న ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి లేవలేదు. "ఇందాక లేచిందంటగా. మనసు పెడితే లేస్తుంది. ఆయన మనసు పెట్టట్లేదు" అని వెళ్లిపోతూ ఎవరో అన్నారు.

రాత్రి నాన్న నన్ను పిలిచాడు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది. "నేను కావాలనే లేపట్లేదనుకుంటున్నారా మీరంతా?" అని అడిగాడు. 32 ఏళ్లు తెనాలిలో టైలరింగ్ చేసిన మనిషి. రోజుకి 10 గంటలు కత్తెర పట్టిన చెయ్యి అది. దాన్ని లేపకూడదని ఆయన ఎందుకనుకుంటాడు? కానీ ఆవులిస్తే లేచిన చెయ్యి, ఆయన లేపాలనుకుంటే ఎందుకు లేవదు? నా దగ్గర జవాబు లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, డాక్టర్ని కాదు. అయినా ఆ ప్రశ్నకి జవాబు తెలిసేదాకా నాకు నిద్ర పట్టలేదు. న్యూరాలజిస్టుని అడిగాను, ఫిజియోథెరపిస్టుని విసిగించాను, పుస్తకాలు తిరగేశాను. నాకు అర్థమైంది మీకూ చెబుతాను. ఎందుకంటే మన ఊళ్లలో పక్షవాతం వచ్చిన మనిషి లేని వీధి ఉండదు. "మనసు పెట్టట్లేదు" అనే మాట పడని రోగీ ఉండడు.

చెయ్యి బాగానే ఉంది

మొదట తెలుసుకోవాల్సింది ఇది: పక్షవాతంలో చేతికి ఏమీ కాదు. ఎముక బాగుంది, కండ బాగుంది, చేతిలో నరాలూ బాగున్నాయి. దెబ్బ తగిలింది తలలో. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇక్కడ సర్వర్ పనిచేస్తోంది, అక్కడ స్క్రీన్ పనిచేస్తోంది, మధ్యలో కేబుల్ తెగింది.

ఆ కేబుల్ ఎక్కడ మొదలవుతుంది? తల మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడినెత్తి మీదుగా ఒక పట్టీ వెళుతుంది కదా. ఇంచుమించు దాని కిందే, మెదడు పై పొరలో అటొక పట్టీ, ఇటొక పట్టీ ఉంటాయి. కదలికలకి ఆజ్ఞలు వెళ్లే ముఖ్యమైన చోటు అదే. 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు ఈ సంగతి పట్టుకున్నారు. కుక్క మెదడు మీద ఆ భాగాన్ని సన్నటి కరెంటుతో తాకిస్తే అవతలి వైపు కాలు కదిలింది. అప్పటిదాకా మెదడు పై పొరకి కదలికతో సంబంధం లేదనే పెద్దపెద్దవాళ్లు నమ్మేవారు.

తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మెలకువగా ఉన్న రోగులకి ఆపరేషన్ చేస్తూ, ఏ చోట తాకితే ఏ అవయవం కదులుతుందో రాసుకున్నాడు. 1937లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఆ పట్టీలో పైన, నడినెత్తి దగ్గర కాలు. మధ్యలో చెయ్యి. కింద చెవి వైపు ముఖం, నాలుక. మనిషి తలకిందులుగా వేలాడుతున్నట్టు ఉంటుంది బొమ్మ. విచిత్రం ఏమిటంటే ఇంత వీపుకీ, తొడకీ కాస్త చోటే. వేళ్లకీ, బొటనవేలికీ, పెదవులకీ, నాలుకకీ మాత్రం బోలెడంత చోటు. బరువు ఎత్తడానికి కాదు, గుండీ పెట్టడానికీ, మాట పలకడానికీ మెదడు ఎక్కువ స్థలం కేటాయించుకుంది. టైలరు కూతురిగా నాకు అది న్యాయంగానే అనిపించింది.

విసనకర్ర పిడి

ఈ పట్టీ నుంచీ, దాని చుట్టుపక్కల భాగాల నుంచీ బయలుదేరిన నరాల పోగులు కిందికి దిగుతాయి. ఒక్కో వైపు సుమారు 10 లక్షల పోగులు. ఈ కట్టకి కార్టికోస్పైనల్ ట్రాక్ట్ అని పేరు. పేరు పెద్దదైనా అర్థం చిన్నదే: మెదడు పై పొర నుంచి వెన్నుపాముకి వెళ్లే దారి. వీటిలో కొన్ని పోగులకి మొదలు చాలా పెద్ద నరకణాలు. 1874లో కీవ్‌లో బెట్జ్ అనే శాస్త్రవేత్త వాటిని కనుక్కున్నాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. కాలికి వెళ్లే పోగు నడినెత్తి దగ్గర మొదలై నడుము దగ్గర వెన్నుపాము దాకా ఒక్కటే తీగగా దిగుతుంది. ఒక్క కణానికి అంత పొడుగు తోక! ఆజ్ఞ బయలుదేరాక చేతి కండకి చేరడానికి పట్టేది సుమారు 20 మిల్లీసెకన్లు. మన ఇంట్లో వైఫై అంత వేగంగా జవాబిస్తే అది మంచి రోజు కింద లెక్క.

తాటాకు విసనకర్ర గుర్తు తెచ్చుకోండి. పైన ఆకు వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఈనెలన్నీ పిడి దగ్గర ఒక్కచోట చేరతాయి. మెదడులో కూడా అంతే. పై పొరలో అంత వెడల్పున మొదలైన పోగులన్నీ మెదడు లోతులో ఒక ఇరుకు సందులో దగ్గరికి చేరతాయి. దాన్ని ఇంటర్నల్ క్యాప్సూల్ అంటారు. కాలివీ, చేతివీ, ముఖానివీ అన్నీ అక్కడ పక్కపక్కనే.

అందుకే అది ప్రమాదకరమైన చోటు. ఆకు అంచున చిన్న చిరుగు పడితే విసనకర్రకి ఏమీ కాదు. పిడి దగ్గర అంతే చిరుగు పడితే మొత్తం ఊడిపోతుంది. నాన్న ఎమ్మారైలో కనిపించిన మచ్చ 12 మిల్లీమీటర్లు. బఠాణీ గింజ కన్నా కాస్త పెద్దది. "ఇంత మచ్చకి ఇంత మనిషి పడిపోతాడా డాక్టరుగారూ?" అని అమ్మ నమ్మలేకపోయింది. "మచ్చ ఎంతున్నదని కాదమ్మా, ఎక్కడున్నదో చూడాలి" అన్నారాయన.

ఆ ఇరుకు సందుకి రక్తం అందించేవి వెంట్రుకల్లాంటి సన్నటి రక్తనాళాలు. పెద్ద నాళం నుంచి నిటారుగా చీలి వస్తాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు పాడయ్యేవి ఇలాంటి సన్ననాళాలే. కొన్నిసార్లు మూసుకుపోతాయి, కొన్నిసార్లు చిట్లుతాయి. నాన్న బీపీ మాత్రలు ఆపేసి అప్పటికి 8 నెలలు. "తలనొప్పి కూడా లేదు, ఇంకా ఎందుకు మింగడం" అని ఆపేశాడట. బీపీకి నొప్పి ఉండదు. దాని ఇబ్బంది అదే.

ఎడమ మెదడు, కుడి చెయ్యి

మచ్చ ఎడమవైపు ఉంటే పడిపోయింది కుడివైపు. రిపోర్టు తప్పేమోనని బాబాయ్ రెండుసార్లు చదివించాడు. తప్పు కాదు. ఈ కట్ట మెదడు కాండం గుండా దిగి, తల కింద మెడ మొదలయ్యే చోట, మెడుల్లా అనే భాగం చివర అవతలి వైపుకి దాటుతుంది. నూటికి 80, 90 పోగులు అలా దాటేస్తాయి. మిగిలినవి అదే వైపున దిగుతాయి. తలకి ఒకవైపు దెబ్బ తగిలితే ఇంకోవైపు చచ్చుబడటం ప్రాచీన గ్రీకు వైద్యులే గమనించారు. నరాలు నిజంగా అడ్డంగా దాటడాన్ని 1709లో ఇటలీకి చెందిన మిస్టికెల్లి, ఆ మరుసటేడు ఫ్రాన్స్‌కి చెందిన పూర్‌ఫూర్ దు పెటీ వర్ణించారు. ఎందుకు దాటాలి అన్నదానికి మాత్రం ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

దాటిన పోగులు వెన్నుపాములో దిగుతూ, చేతివి మెడ దగ్గర, కాలివి నడుము దగ్గర ఆగుతాయి. అక్కడ రెండో నరకణం అందుకుంటుంది. అక్కడి నుంచి కండ దాకా దాని బాధ్యత. అంటే ఇది రెండు అంచెల రవాణా. మొదటి లారీ మెదడు నుంచి వెన్నుపాము దాకా, రెండోది వెన్నుపాము నుంచి కండకి.

ఈ రెండంచెల లెక్క తెలిస్తే మన చుట్టూ కనిపించే రెండు జబ్బుల తేడా అర్థమవుతుంది. పోలియోలో దెబ్బతినేది రెండో అంచె. అందుకే పోలియో వచ్చిన కాలు మెత్తగా వేలాడుతుంది, కండ కరిగి సన్నబడిపోతుంది. పక్షవాతంలో తెగేది మొదటి అంచె. మొదటి రోజుల్లో చెయ్యి మెత్తగానే ఉంటుంది కానీ వారాలు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. మోచెయ్యి మడుచుకుని, వేళ్లు పిడికిలి కడతాయి. కాలు కర్రలా బిగిసి, నడిచేటప్పుడు అర్ధచంద్రాకారంలో పక్కకి తిప్పి వెయ్యాల్సి వస్తుంది. పై నుంచి అదుపు చేసే మాట అందకపోతే, కిందనున్న వెన్నుపాము, మెదడు కాండం తమకి తెలిసిన పట్టునే పట్టుకుని కూర్చుంటాయి. అందుకే రోజూ కీళ్లు కదిలించాలి, చేతిని సరైన తీరులో ఉంచాలి. లేకపోతే బిగుసుకున్న కండ అలాగే కురచబడిపోతుంది.

పాదం మీద తాళంచెవి

ఆసుపత్రిలో మొదటిరోజు డాక్టరు చేసిన రెండు పనులు మాకు వింతగా అనిపించాయి. ఒకటి, నాన్న కుడి అరికాలిని తాళంచెవి మొనతో మడమ నుంచి వేళ్ల దాకా గీశారు. బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. అమ్మ "కదిలింది" అని సంతోషపడింది. డాక్టరు మాత్రం తల ఊపి కాగితం మీద రాసుకున్నారు. మామూలు మనిషికి అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. పైకి లేచిందంటే ఈ దారికి దెబ్బ తగిలిందని అర్థం. 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ అనే వైద్యుడు చెప్పిన గుర్తు ఇది. ఇన్ని స్కాన్లు వచ్చాక కూడా న్యూరాలజిస్టులు దీన్ని వదల్లేదు. చంటిపిల్లలకి గీస్తే వాళ్ల బొటనవేలూ పైకే లేస్తుంది. అది జబ్బు కాదు. వాళ్ల నరాల పోగుల మీద తొడుగు ఇంకా పూర్తిగా ఏర్పడలేదు. నడక వచ్చే వయసు దాటేసరికి మారిపోతుంది.

రెండోది, "కనుబొమలు పైకెత్తండి" అన్నారు. మూతి ఎడమవైపుకి వంకరపోయినా, నాన్న నుదురు రెండువైపులా చక్కగా ముడతలు పడింది. ఎందుకంటే నుదుటికి రెండువైపుల మెదడు నుంచీ ఆజ్ఞలు వస్తాయి. ఒక దారి తెగినా ఇంకోటి ఉంటుంది. ముఖం కింది సగానికి ఆ సౌకర్యం తక్కువ. మూతితో పాటు నుదురు కూడా ఒకవైపు కదలకపోతే, ముఖంలోని నరానికే వాపు వచ్చే బెల్స్ పాల్సీ కావచ్చు. అయితే ఆ తేడా తేల్చాల్సింది డాక్టరు. ఇంట్లో మనం చూసి "ఇది మామూలుదేలే" అనుకోకూడదు.

ఆవులింత వెళ్లిన దారి

ఇప్పుడు అసలు ప్రశ్న. దారి తెగితే ఆవులించినప్పుడు చెయ్యి ఎలా లేచింది?

జవాబు: వెన్నుపాములోకి దిగే దారి అదొక్కటే కాదు. మెదడు కాండం నుంచి ఇంకా పాత దారులు దిగుతాయి. ఒకటి శరీరాన్ని నిటారుగా నిలబెట్టే కండల్ని చూసుకుంటుంది. ఇంకోటి చెవిలోని బ్యాలెన్స్ భాగంతో కలిసి, మనం తూలితే పడకుండా పట్టుకుంటుంది. మరోటి చప్పుడు వచ్చిన వైపు, వెలుగు కనిపించిన వైపు మెడ తిప్పిస్తుంది. బస్సు బ్రేకు వేస్తే మనం ఆలోచించకుండానే కాలు ముందుకు వేసి నిలదొక్కుకుంటాం కదా, అదంతా ఎక్కువగా వీటి పనే. చేపలకీ, కప్పలకీ కూడా ఇలాంటి దారులు ఉన్నాయి. మెదడు పై పొర నుంచి నేరుగా వేళ్ల దాకా వెళ్లే దారి మాత్రం కోతుల్లో, మనుషుల్లోనే బాగా పెరిగింది. పాత ఊరి మట్టిరోడ్డు పక్కన తరువాత వచ్చిన హైవే అనుకోండి.

హైవే తెగితే ఏమవుతుందో 1968లో లారెన్స్, కైపర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోతుల మీద చూశారు. ఆ కట్టని రెండువైపులా కోసేశారు. కొన్ని వారాలకి కోతులు పరిగెత్తాయి, బోనెక్కాయి, కమ్మీ పట్టుకుని వేలాడాయి. కానీ చిన్న గుంటలో పెట్టిన తిండిముక్కని వేళ్లతో తీసుకోలేకపోయాయి. గుప్పెడంతా ఒకేసారి మూసుకునేది తప్ప, ఒక్కో వేలు విడిగా కదలలేదు. నిలబడటం, నడవటం, పట్టుకోవడం పాత దారులు కొంతవరకు చూసుకోగలవు. సూదిలో దారం ఎక్కించే పని మాత్రం హైవేదే.

ఆవులింత మెదడు లోతుల్లో, కాండంలో పుట్టేది. దానికి మన ఇష్టంతో పని లేదు. చచ్చుబడిన చెయ్యి ఆవులింతకి లేవడాన్ని 19వ శతాబ్దపు వైద్యులే గమనించారు. 2005లో ఫ్రాన్స్‌ వైద్యులు దానికి పారాకైనీసియా బ్రాకియాలిస్ ఆసిటాన్స్ అనే పేరు పెట్టారు. నోరు తిరగని పేరు గానీ, అర్థం "ఆవులిస్తే చెయ్యి కదలడం" అనే. పై నుంచి వచ్చే అదుపు తెగిపోవడం వల్ల, ఆవులింతతో పాటు పాత దారుల్లో దిగిన సందేశం మెడ దగ్గర చేతి కణాల్ని కూడా లేపుతోందని వాళ్ల వివరణ.

అంటే చెయ్యి లేపింది నాన్న ఇష్టం కాదు. ఆవులింత తన సొంత దారిలో వెళ్లింది. నాన్న ఇష్టం వెళ్లాల్సిన దారి తెగి ఉంది. ఎంత మనసు పెట్టినా, పళ్లు ఎంత బిగపట్టినా, తెగిన దారిలో సందేశం దిగదు. దీన్ని సోమరితనం అనడం, కరెంటు తీగ తెగిన ఇంట్లో "స్విచ్ సరిగ్గా వెయ్యట్లేదు" అనడం లాంటిది.

నవ్వు సంగతీ అంతే. "నవ్వండి" అని డాక్టరు అంటే నాన్న మూతి వంకరగా వచ్చేది. మా అక్క కొడుకు నాన్న టేపు మెళ్లో వేసుకుని, "రెండు ఇంచులు లూజు పెట్టమంటారా సార్" అన్న రోజు మాత్రం నాన్న రెండువైపులా సమానంగా నవ్వాడు. కావాలని నవ్వే నవ్వుకి ఒక దారి, లోపలి నుంచి వచ్చే నవ్వుకి ఇంకో దారి. కొంతమంది రోగుల్లో ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదంతా నేను నాన్నకి కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే నాది తప్పు కాదన్నమాట" అన్నాడు.

మేము పోగొట్టుకున్న టైము

తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి.

ఆ రోజు నాన్న 5 గంటలకి లేచి బాగానే నీళ్లు తాగాడు. 5:30కి చేతిలోంచి బ్రష్ జారిపోయింది. "రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా, తిమ్మిరెక్కింది" అన్నాడు. 7 గంటలకి మాట తేడా వస్తే వీధిచివర ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. నరాల వీక్‌నెస్ అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి, నూనె రాయమన్నాడు. 7:10కి అమ్మ నాకు ఫోన్ చేసింది. నేను హైదరాబాదులో రాత్రంతా రిలీజ్ పని చేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. 11 గంటలకి చూసుకున్నాను. ఈలోపు ఎవరో పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందని దానికోసం మనిషిని కూడా పంపారు. గుంటూరులో సీటీ స్కాన్ తీసేసరికి మధ్యాహ్నం 12:30.

రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. అది కూడా స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని తేలాకే. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని లాగేసే చికిత్స ఉంది. ఎంపిక చేసిన కొందరికి దాన్ని 24 గంటల దాకా చేస్తారు. మాకు అప్పటికే 7 గంటలు దాటింది. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు పోతాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కగట్టాడు. మా నాన్నది చిన్న నాళమే. అయినా ఆ అంకె చదివినప్పుడు, తెల్లవారిన దాకా సైలెంట్‌లో ఉన్న నా ఫోనే గుర్తొచ్చింది.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. మూతి ఒకవైపు జారినా, రెండు చేతులూ చాపితే ఒకటి కిందికి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక్కసారిగా తూలినా, చూపు తగ్గినా 108కి ఫోన్ చెయ్యండి. సీటీ స్కాన్ ఉండి, ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. నిద్రలో వస్తే, పడుకునేముందు బాగున్న టైమే లెక్క. నోట్లో నీళ్లు, మాత్రలు, మజ్జిగ ఏమీ పొయ్యొద్దు. మింగడం దెబ్బతిని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాసేపటికి తగ్గిపోయినా సరే, వెళ్లాల్సిందే.

కోటు గుండీ, చొక్కా గుండీ

తెగిన పోగు మళ్లీ అతుక్కోదు. అయితే బఠాణీ గింజంత మచ్చలో అన్ని పోగులూ పోవు. మిగిలినవాటికి పని పెరుగుతుంది. మెదడులో పక్క భాగాలు, అవతలి వైపు, పాత దారులు కొంత బరువు అందుకుంటాయి. ఈ సర్దుబాటు మొదటి 3 నెలల్లో వేగంగా జరుగుతుంది. తరువాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. దానికి కావాల్సింది అదే పనిని మళ్లీ మళ్లీ చెయ్యడం. కేబుల్ పోలిక ఇక్కడ చెల్లదు. ఏ కేబులూ వాడినకొద్దీ మెరుగుపడదు.

ఇంకో సమస్య ఉంది. కుడిచెయ్యి రాకపోతే మనిషి అన్నీ ఎడమచేత్తో కానిచ్చేస్తాడు. వాడక వాడక, కొంచెం వచ్చే కుడిచెయ్యి కూడా మూలన పడుతుంది. దీనికి ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి, మంచి చేతికి తొడుగు వేసి కట్టెయ్యడం. 2006లో అచ్చయిన ఒక పరీక్షలో 222 మంది రోగులున్నారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన వాళ్లకి 2 వారాలు ఇలా సాధన చేయిస్తే, మామూలు వైద్యం పొందినవాళ్ల కన్నా చెయ్యి బాగా వాడగలిగారు. అయితే మణికట్టూ వేళ్లూ కాస్తయినా తెరుచుకునేవాళ్లకే ఇది పనికొస్తుంది. తూలి పడే ప్రమాదం ఉన్నవాళ్లకి జాగ్రత్త కావాలి. ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి.

నాన్నకి 5వ నెలలో మణికట్టు లేవడం మొదలైంది. అప్పటి నుంచి రోజూ 2 గంటలు ఎడమచేతికి వంటింటి గ్లవ్ తొడిగాం. చేయించిన పని ఆయన షాపులోదే: ఒక స్టీలు డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి గుండీలు మార్చడం. మొదట్లో అరచేత్తో తోసేవాడు. తరువాత గుప్పెడు పట్టాడు. 9వ నెలలో కోటు గుండీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి పైకి తీశాడు. చొక్కా గుండీ మాత్రం ఇప్పటికీ రాదు. గుంటలో తిండిముక్క తీసుకోలేని ఆ కోతులు నాకు అప్పుడప్పుడు గుర్తొస్తాయి.

ఇప్పటికి 14 నెలలు. నాన్న కర్ర లేకుండా షాపు దాకా నడుస్తాడు. టేబుల్ మీద గుడ్డ కదలకుండా కుడిచెయ్యి బరువు వేసి నొక్కుతాడు. ఎడమచేత్తో సుద్దగీత గీస్తాడు. ఆయన కత్తెర కుడిచేతివాటానికి చేసింది కాబట్టి ఎడమచేత్తో సరిగ్గా తెగదు. అందుకని కట్ చేసేది అమ్మ. "గీత వంకర" అని ఆవిడ, "కత్తెర వంకర" అని ఈయన. కాజాలు, గుండీలు బయట ఇచ్చి కుట్టిస్తున్నారు. పాత ఖాతాదారుల్లో సగం మంది వస్తున్నారు. షాపుకి వచ్చిన ప్రతివాడినీ నాన్న ముందు కొలత అడగడు, "బీపీ మాత్ర వేసుకున్నావా" అని అడుగుతాడు.

ఆ రోజు "మనసు పెట్టట్లేదు" అన్నవాళ్లకి కూడా నాన్న ఆ బొమ్మ చూపించాడు. కొలతల పుస్తకంలో మడిచి దాచుకున్నాడు దాన్ని. మధ్యాహ్నం పూట ఆవులింత వస్తే ఇప్పటికీ మేమందరం ఆయన చేతివంకే చూస్తాం. అది చూసి నాన్నకి నవ్వొస్తుంది. సగం ఆవులింతా సగం నవ్వూ అయి, రెండూ సరిగ్గా రావు.